ఫ్లైవీల్ ఫ్రీ ఎనర్జీ జనరేటర్ నిజంగా పనిచేస్తుందా? మా షాపులో బిగించి చూశాం

మీరు అడిగింది రెండు ముక్కలు. 1 హెచ్‌పీ మోటారుకి పెద్ద చక్రం (ఫ్లైవీల్) తగిలించి ఆల్టర్నేటర్ (కరెంటు పుట్టించే యంత్రం) తిప్పితే పెట్టినదానికి ఎన్నో రెట్లు, 5 కేవీఏ కరెంటు వస్తుందని వీడియోల్లో చూపిస్తున్నారు, అది నిజమేనా? నిజమైతే కోల్డ్ ఫ్యూజన్‌ని (మామూలు వేడిలోనే పరమాణు కేంద్రకాలు కలిసి శక్తి ఇస్తాయన్న వాదన) తొక్కేసినట్టు దీన్నీ ప్రభుత్వాలు తొక్కేస్తున్నాయా? మీ మామయ్య 80 వేలు పెట్టి అలాంటి సెట్ కొనబోతున్నారన్నారు కాబట్టి కాస్త వివరంగా రాస్తున్నాను.

నాది మాచర్లలో మోటారు వైండింగ్ షాపు. ఏడేళ్ల కిందట మా పెద్దమ్మ గారబ్బాయి, నాకు అన్న వరస, అచ్చం ఇలాంటి సెట్టే ఆటోలో వేసుకుని తెచ్చాడు. ఆయనకి పిండిమర ఉంది, నెలనెలా బిల్లు చూస్తే టెన్షన్. అమ్మినవాడు 65 వేలు తీసుకున్నాడు. "అన్నా, ముందు మీటర్లు పెట్టి చూద్దాం" అంటే, "నువ్వు మోటార్లు చుట్టేవాడివేరా, కనిపెట్టేవాడివి కాదు" అన్నాడు. నిజమే, కాదనలేదు.

వైరు చుట్టూ తగిలించి ఆంపియర్లు చూసే క్లాంప్ మీటర్ ఇక్కడ కుదరదు. ఖాళీగా తిరిగే మోటారు ఆంపియర్లు బాగానే లాగుతుంది కానీ వాట్లు తక్కువ తింటుంది, పవర్ ఫ్యాక్టర్ (లాగినదాంట్లో నిజంగా ఖర్చయ్యే వంతు) తక్కువ కాబట్టి. ఓల్టుల్ని ఆంపియర్లతో గుణించేసి లెక్క వేస్తే ఎటైనా మోసపోతాం. అందుకని ఇళ్లకు బిగించే కరెంటు మీటర్లే రెండు తెచ్చాను. యూనిట్‌కి 3,200 సార్లు ఎర్రలైటు కొట్టుకునే రకం. ఒకటి మోటారుకి వెళ్లే వైరులో, ఇంకోటి ఆల్టర్నేటర్ నుంచి వచ్చే వైరులో పెట్టి, 100 వాట్ల బల్బులు నాలుగు వేశాం. నిమిషానికి లోపలికెళ్లే వైపు 48 సార్లు కొట్టుకుంది, బయటికొచ్చే వైపు 21 సార్లు. అంటే 900 వాట్లు తిని 400 దగ్గర ఇస్తోంది. మిగిలింది బెల్టు వేడి, బేరింగుల వేడి, వైండింగ్ వేడి. చెయ్యి పెట్టి చూస్తే తెలిసిపోతుంది.

అన్న ఒప్పుకోలేదు. "మరి ప్లగ్ పీకేసినా బల్బు వెలుగుతోంది కదరా?" వెలుగుతుంది. వీడియోల్లో అసలు కిటుకు అదే. ఆయన చక్రం 50 కిలోలు, వ్యాసం రెండడుగులు. 1,500 ఆర్‌పీఎంలో తిరుగుతుంటే అందులో దాచిన శక్తి సుమారు 28 కిలోజౌళ్లు, అంటే యూనిట్‌లో నూరో వంతు కూడా లేదు. నాలుగు బల్బులకి లెక్క ప్రకారం 70 సెకన్లు. మా షాపులో అరనిమిషం తిరగకుండానే బల్బులు మసకబారాయి. వీడియోలో ఒకే ఒక 9 వాట్ల ఎల్‌ఈడీ పెట్టి, ఇరవై సెకన్లకి కట్ చేస్తారు. చక్రం కరెంటుని పుట్టించదు. మనం మోటారుతో పోసినదాన్ని కాసేపు పట్టుకుని తిరిగి ఇస్తుంది, అంతే.

ఇంక కోల్డ్ ఫ్యూజన్. 1989 మార్చి 23న అమెరికాలోని యూటా యూనివర్సిటీలో పాన్స్, ఫ్లైష్‌మన్ అనే ఇద్దరు రసాయన శాస్త్రవేత్తలు, భారజలంలో పల్లాడియం కడ్డీ పెట్టి కరెంటు పంపితే లెక్కకు మించి వేడి వస్తోందని ప్రకటించారు. భారజలం అంటే బరువైన రకం హైడ్రోజన్ ఉండే నీళ్లు, మన మణుగూరు ప్లాంటులో తయారయ్యేదే. తొక్కేశారనడానికి ఆధారం నాకు కనపడలేదు. ఆ వార్త రాగానే చాలా దేశాలవాళ్లు ప్రయోగం చేసి చూశారు. పి.కె. అయ్యంగార్ డైరెక్టరుగా ఉన్న రోజుల్లో ట్రాంబేలోని బార్క్‌లోనూ (భాభా అణు పరిశోధన కేంద్రం) చేశారు, ఫ్యూజన్ జరిగితే వచ్చే ట్రిటియం, న్యూట్రాన్లు కనిపించాయని అప్పట్లో రిపోర్టు కూడా ఇచ్చారు. గొడవంతా ఒకచోట వచ్చింది ఇంకోచోట అలాగే రాకపోవడం. గూగుల్ డబ్బుతో కొందరు శాస్త్రవేత్తలు మళ్లీ మొదటినుంచి చేసి, ఆధారం దొరకలేదని 2019లో నేచర్ పత్రికలో రాశారు. అయినా 2023లో అమెరికా ప్రభుత్వ సంస్థ ఆర్పా-ఈ ఇదే విషయానికి కోటి డాలర్లు కేటాయించింది. నా మటుకు అది తప్పు ఖర్చు కాదు. దేశం దగ్గర పందెం కాయడానికి కొంత డబ్బు ఉండాలి. పిండిమర నడుపుకునేవాడి 65 వేలు ఆ పందెంలోకి రాకూడదు, నా బాధ అక్కడ.

ఇలాంటివాటికి పేటెంట్ ఎందుకివ్వరన్న ప్రశ్న కూడా వస్తుంది. మన పేటెంట్ల చట్టం సెక్షన్ 3(ఎ) ప్రకారం, స్థిరపడిన ప్రకృతి నియమాలకు స్పష్టంగా విరుద్ధమైనదాన్ని ఆవిష్కరణగా లెక్కించరు. తిన్నదానికంటే ఎక్కువ ఇస్తుందనే యంత్రం ఆ కోవలోదే.

అన్న అన్నవాటిలో ఒక్క మాటకి మాత్రం నా దగ్గర అప్పుడు జవాబు లేదు. "ఇచ్చినదానికంటే తక్కువే వస్తే ఎవడూ వాడడంటావు. మరి సాగర్‌లో ఏం చేస్తున్నారు?" నాగార్జునసాగర్ ప్రధాన పవర్‌హౌస్‌లో ఎనిమిది యూనిట్లకి ఏడు రివర్సిబుల్. నీళ్లు కిందికి వస్తే టర్బైన్, వెనక్కి తిప్పితే పంపు. శ్రీశైలం ఎడమగట్టులోని ఆరూ అంతే. కింది నీళ్లు పైకి ఎక్కించడానికి వంద యూనిట్లు ఖర్చు పెడితే, దింపినప్పుడు వచ్చేది 75, 80. నష్టమే! కానీ ఎక్కించేది కరెంటు మిగిలిపోయే వేళ, దింపేది అందరూ ఒకేసారి స్విచ్చులు వేసే సాయంత్రం. మధ్యాహ్నం సోలార్ మిగిలిపోతున్న కొద్దీ ఈ లెక్కకి బలం పెరుగుతోంది. నంద్యాల జిల్లా పిన్నాపురం 1,680 మెగావాట్ల ప్రాజెక్టుదీ ఇదే సూత్రం. టైమ్‌ని బట్టి రేటు మారాలని కేంద్రం 2023లో రూల్స్ మార్చింది. సోలార్ గంటల్లో మామూలు రేటు కంటే కనీసం 20 శాతం తక్కువ ఉండాలట. పిండిమరలాంటి వాటికి ఆ రేటు సరిగ్గా అమలైతే, బియ్యం, జొన్నలు పగలు ఆడించుకోమని చెప్పడమే అసలైన ఫ్రీ ఎనర్జీ. అన్న ఇప్పుడు చేస్తున్నది దాదాపు అదే, మర మీద సోలార్ పలకలు వేసి పది నుంచి మూడు దాకా ఆడిస్తున్నాడు. చక్రం మాత్రం నా షాపులోనే ఉంది, షాఫ్టులు కొట్టడానికి దిమ్మగా.

మీ మామయ్యతో వాదించకండి, మా ఇంట్లో వాదన పనిచేయలేదు. అడ్వాన్స్ ఇవ్వకముందు అమ్మేవాణ్ణి ఒక్కటి అడగమనండి. సెట్ స్టార్ట్ చేశాక గోడ ప్లగ్ పూర్తిగా పీకేసి, లోపల బ్యాటరీ లేదని విప్పి చూపించి, 1,000 వాట్ల హీటర్ ఒక గంట నడపాలి. గంట ఎక్కువంటే పది నిమిషాలు చాలు. మా అన్నకి అమ్మినవాడు ఆ మాట వినగానే బేరింగులు కొత్తవి, ఇంకా సెట్ కాలేదన్నాడు.