ఓటేసినవాళ్ళ దగ్గరికి ముందు వెళ్ళు

పర్లాకిమిడి,
10 జూన్ 2024.

చిరంజీవి అమ్మడికి మావయ్య ఆశీస్సులు.

ఫలితాలు వచ్చి వారం కావస్తోంది. నువ్వు ఎవరి ఫోనూ ఎత్తడం లేదనీ, నీతో ప్రచారానికి తిరిగిన కుర్రాళ్ళు ఇంటికొస్తే ఒంట్లో బాగాలేదని చెప్పించి పంపేస్తున్నావనీ మీ అమ్మ చెప్పింది. బాధ ఉంటుంది, కాదనను. ఒడిశాలో మన బరంపురం సీటు నుంచి పార్లమెంటుకి ఇండిపెండెంటుగా నిలబడటమంటే మాటలు కాదు. 10 మంది ప్రతిపాదకుల సంతకాలు సంపాదించి, 25,000 డిపాజిట్ కట్టి, ఆ ఎండల్లో ఛత్రపూర్ నుంచి మోహన దాకా 7 అసెంబ్లీ సెగ్మెంట్లూ తిరిగావు. నాకు అప్పుడూ గర్వంగా ఉంది, ఇప్పుడూ గర్వంగానే ఉంది. కానీ ఓడిన అభ్యర్థికి కూడా చెయ్యాల్సిన పనులుంటాయి, వాటిలో కొన్నిటికి గడువుంది. నేను చాలా ఎన్నికల్లో ప్రిసైడింగ్ ఆఫీసరుగా కూర్చున్నాను, రిటైరయ్యాక ఇండిపెండెంట్లకి ఏజెంటుగా తిరిగాను. ఓడినవాళ్ళని బాగా దగ్గర్నుంచి చూశాను కాబట్టి చెబుతున్నాను, కాస్త ఓపిగ్గా చదువు.

అన్నిటికంటే ముందు ఖర్చుల లెక్క. ఫలితం ప్రకటించిన 30 రోజుల్లో అది జిల్లా ఎన్నికల అధికారికి అందాలి. అంటే నీకు జూలై 4 దాకా టైముంది. డిపాజిట్టే పోయింది, ఇంక లెక్కలెవరడుగుతారులే అని ఊరుకున్నవాళ్ళు నాకు తెలుసు. సరైన కారణం లేకుండా లెక్క ఇవ్వకపోతే ఎన్నికల సంఘం 3 ఏళ్ళ దాకా పోటీకి అనర్హురాలిగా ప్రకటించవచ్చు. ఖర్చు పరిమితి 95 లక్షలు, నువ్వు దాని దరిదాపులకి కూడా వెళ్ళలేదు. అయినా లెక్క లెక్కే. నీకిచ్చిన రిజిస్టరులో తెల్ల పేజీలు రోజువారీ ఖర్చుకి, గులాబీ పేజీలు నగదుకి, పసుపు పేజీలు బ్యాంకుకి. మూడూ ఒకదానితో ఒకటి కలవాలి. మీ బాబాయి జీపు ఊరికే ఇచ్చినా సరే, దాని అద్దె ఎంతవుతుందో అంత రాయాలి. మైకు సెట్టు, ఫ్లెక్సీలు, కరపత్రాలు, ఆటోలు, కుర్రాళ్ళ టీలు, టిఫిన్లు అన్నిటికీ కాగితం ఉండాలి. ఒకే మనిషికి నగదుగా 10,000 దాటి ఇచ్చి ఉంటే ఇప్పుడే నాకు చెప్పు, దాని సంగతి ఆడిటర్ని అడుగుదాం. అధికారులు నీ ఖర్చుని వాళ్ళ రిజిస్టరులో విడిగా రాసుకుంటారు. గడువుకి ముందు లెక్కలు సరిచూసే సమావేశం పెడతారు, దానికి తప్పకుండా వెళ్ళు. వాళ్ళు రాసిందీ నువ్వు రాసిందీ తేడా వస్తే అక్కడే మాట్లాడుకోవచ్చు.

ఫ్లెక్సీ షాపు బాకీ, టీ కొట్టు బాకీ కూడా ఈ నెలలోనే తీర్చెయ్యాలి. ఓడిపోయిన మనిషి మొహం చాటేసిందన్న మాట బజారులో పుట్టకూడదు.

ఇక ఓట్ల సంగతి. డిపాజిట్ దక్కాలంటే చెల్లిన ఓట్లలో ఆరో వంతు కన్నా ఎక్కువ రావాలి. పార్లమెంటు సీటులో ఇండిపెండెంటుకి అది రావడం ఎంత కష్టమో నీకు ముందే చెప్పాను, ఇప్పుడు మళ్ళీ చెప్పి నిన్ను నొప్పించను. ఒక్కటి మాత్రం గుర్తుపెట్టుకో. మే 13న మన దగ్గర ఓటరు పార్లమెంటుకొకటి, అసెంబ్లీకొకటి రెండు ఓట్లు వేశాడు. లోపలికి వెళ్ళేటప్పుడు చాలామంది బుర్రలో ఉన్న ప్రశ్న ముఖ్యమంత్రిగా నవీన్ పట్నాయక్, మన నవీన్ బాబు, ఉండాలా, దిగాలా అన్నదే. 2000 నుంచి 24 ఏళ్ళు రాష్ట్రాన్ని ఏలిన ఆయన పార్టీ బీజేడీకి 21 లోక్‌సభ సీట్లలో ఒక్కటంటే ఒక్కటి రాలేదు. బీజేపీకి 20, కాంగ్రెస్‌కి 1. నవీన్ బాబు అంతటివారే రెండు అసెంబ్లీ సీట్లకి నిలబడి కాంటాబంజిలో ఓడిపోయారు, మన గంజాం జిల్లా హింజిలి ఆయన్ని గట్టెక్కించింది. అంత గాలిలో నీ గుర్తు వెతికి నొక్కాలి. మిషను మీద గుర్తింపు పొందిన పార్టీల పేర్లు ముందు, రిజిస్టరైన చిన్న పార్టీలవి తర్వాత, మన ఇండిపెండెంట్లవి అన్నిటికన్నా కింద. దేశం మొత్తం మీద ఈసారి 7గురు ఇండిపెండెంట్లే గెలిచారు. 1957లో 42 మంది గెలిచారు. మహారాష్ట్ర సాంగ్లీలో గెలిచిన విశాల్ పాటిల్ వెనక అక్కడి మాజీ ముఖ్యమంత్రి వసంతదాదా పాటిల్ మనవడన్న పేరుంది. నీ వెనక నువ్వు తిరిగిన వీధులు తప్ప ఏమీ లేవు. ఆ కింది వరస దాకా చూపు దించి నీ మీట నొక్కినవాళ్ళు నీ పేరు తెలిసి, కావాలని నొక్కారమ్మా. వాళ్ళు ఏయే బూతులవాళ్ళో తెలుసుకోవడమే లెక్కల తర్వాత నీ అసలు పని.

దానికి ఫారం 20 ఉంది. ఏ బూతులో ఎవరికెన్ని ఓట్లు వచ్చాయో అందులో వరసగా ఉంటుంది, రాష్ట్ర ముఖ్య ఎన్నికల అధికారి వెబ్‌సైటులో పెడతారు. దాన్ని ప్రింటు తీసి పెన్సిలుతో కూర్చో. నువ్వు స్వయంగా నడిచిన వీధుల బూతుల్ని ఒక గుర్తుతో, ఆటోలో మైకు మాత్రమే తిరిగిన ఊళ్ళని ఇంకో గుర్తుతో పెట్టు. నువ్వు అసలు వెళ్ళని చోట్ల ఓట్లు వస్తే వాటి చుట్టూ గీత గియ్యి, అక్కడ నీ గురించి ఎవరో మాట్లాడారన్నమాట. ఏజెంట్లు తెచ్చిన ఫారం 17సి కాపీల్లో ఆ బూతులో మొత్తం ఓటర్లెందరో, ఎందరు వేశారో ఉంటుంది. పోలింగు తక్కువైన చోట మగవాళ్ళు సూరత్ మరమగ్గాల మీద ఉన్నారేమో ఆలోచించు. మన గంజాంలో ఎన్ని ఇళ్ళలో తాళాలు, ఎన్ని ఇళ్ళలో ముసలివాళ్ళు మాత్రమే ఉన్నారో తిరిగినప్పుడు నువ్వే చూశావు. నీ మీద నమ్మకం లేక వెయ్యనివాళ్ళూ, ఊళ్ళోనే లేనివాళ్ళూ ఒకటి కాదు.

ఇక్కడొక జాగ్రత్త, ఇది మిగతా అన్నిటికన్నా ముఖ్యం. ఆ కాగితాన్ని ఎవరికీ చూపించి వాదించకు. వాట్సాప్‌లో అస్సలు పెట్టకు. ఒక చిన్న ఊరి బూతులో నీకు 6 ఓట్లు వచ్చాయనుకో, ఆ ఆరుగురూ ఎవరని ఊళ్ళో వెతకడం మొదలవుతుంది. నీ మీటింగుకి వచ్చిన ముసలమ్మ మీదో, నీకు మంచినీళ్ళిచ్చిన ఇంటి మీదో అనుమానం పడుతుంది. రేపు పెన్షన్ దగ్గరో, రేషన్ దగ్గరో వాళ్ళని ఎవరైనా తిప్పిస్తే ఆ పాపం మనది. అలాగే "మాటిచ్చి వెయ్యలేదు" అని ఎవర్నీ నిలదీయకు. "మీరు నాకే వేశారు కదా" అని నవ్వుతూ కూడా అడగకు. ఓటు రహస్యం. వెళ్ళు, కూర్చో, ఎండలో నా మాట విన్నందుకు దణ్ణం పెడుతున్నానని చెప్పు, అంతే. వేసినవాళ్ళకి తెలుస్తుంది. వెయ్యనివాళ్ళు కూడా రెండు రోజులు నీ గురించే అనుకుంటారు.

పొద్దున్నే మిషన్లని పరీక్షించే మాక్ పోల్ దగ్గర్నుంచి మిషన్లకి సీలు పడేదాకా నీ కోసం బూతుల్లో కూర్చున్న పిల్లలు ఉన్నారు చూశావా, వాళ్ళ ఇళ్ళకి ముందు వెళ్ళు. వాళ్ళలో చాలామంది అంతకుముందు ఏ పార్టీ గడపా తొక్కనివాళ్ళు. వాళ్ళని వదులుకుంటే మళ్ళీ దొరకరు.

"మన తెలుగువాళ్ళే నన్ను ముంచారు" అన్నావట. ఆ మాట ఇంకెప్పుడూ అనకు. దేవాంగుల వీధుల్లో ఓట్లు గంపగుత్తగా పడతాయనీ, గోపాల్‌పూర్ తీరంలో మనవాళ్ళ ఓట్లన్నీ నీకేననీ నీకు చెప్పినవాళ్ళు అసలు ఆ ఓటర్లని మనుషులుగా చూడలేదు. భాష పేరు చెప్పి అభ్యర్థి ఓటు అడగడం ప్రజా ప్రాతినిధ్య చట్టం 123వ సెక్షన్ కింద అవినీతి చర్య, 2017లో సుప్రీంకోర్టు ఏడుగురు జడ్జిల ధర్మాసనం దాన్ని ఇంకా గట్టిచేసింది. చట్టం సంగతి అలా ఉంచు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మరపడవలకి వేట నిషేధం. నువ్వు తీరంలో తిరిగిన రోజుల్లో వాళ్ళ పడవలు ఒడ్డునే ఉన్నాయి, చేతిలో డబ్బాడటం లేదు. ఆ ఇళ్ళకి కావాల్సింది నిషేధం రోజుల సాయం ఎప్పుడొస్తుందన్న జవాబు. అదెవరు చెబితే వాళ్ళ మాట వింటారు. తెలుగు బడిలో మాస్టర్లు లేరన్న బాధ మనకుంది, దాని గురించి తప్పకుండా పోరాడాలి. కానీ ఆ బడి పక్క కాలువ పొంగితే తెలుగింట్లోకీ ఒడియా ఇంట్లోకీ నీళ్ళొస్తాయి. ఆ కాలువ గురించి కూడా నువ్వే అడగాలి.

కౌంటింగు మీద కోర్టుకెళ్దామని మీ తమ్ముడు అంటున్నాడట. ఎన్నికల పిటిషన్‌కి ఫలితం వచ్చిన రోజు నుంచి 45 రోజులు గడువు, హైకోర్టులో వెయ్యాలి. చేతిలో ఆధారముంటే నేనే ముందుండి వేయిస్తాను. ఆధారం లేదు, ఓట్ల తేడా చూస్తే అవసరమూ లేదు. ఆ డబ్బు, ఆ టెన్షన్ నీకొద్దు.

వి.వి. గిరి గారు మన బరంపురంలోనే పుట్టారు. 1957లో పార్వతీపురం నుంచి పార్లమెంటుకి నిలబడి ఓడిపోయారు. కోర్టుకెళ్ళారు, 1959లో సుప్రీంకోర్టులోనూ ఆయన వాదన నెగ్గలేదు. అదే మనిషి 1969లో ఇండిపెండెంటుగా నిలబడి, నీలం సంజీవరెడ్డి గారి మీద గెలిచి రాష్ట్రపతి అయ్యారు. ఆ ఎన్నికలో ఓటేసేది ఎంపీలూ ఎమ్మెల్యేలూ, మన పోటీతో దానికి పోలిక లేదని నాకూ తెలుసు. నేను చెప్పేది వేరే. ఎన్నికలకి చాలా ముందు నుంచే ఆయన రైల్వే కార్మికుల మనిషి, వాళ్ళ సంఘాలు కట్టినవాడు. ఆ పని వల్ల వచ్చిన పేరు ఓటమితో పోలేదు. నీక్కూడా ఎన్నికలకి ముందు నుంచే పెన్షన్ అర్జీలు రాసిపెట్టే పిల్లగా పేరుంది. దాన్ని ఈ నెల్లో ఆపావంటే ఓట్ల కోసమే చేసిందన్నమాట నిజమైపోతుంది. అందుకని రేపట్నుంచే మళ్ళీ మొదలుపెట్టు.

గెలిచిన ఎంపీ గారిని కలవడానికి మొహమాటపడకు. పూలదండ తీసుకెళ్ళు, దాంతోపాటు ప్రచారంలో జనం నీకు చెప్పినవాటిలో ముఖ్యమైనవి ఏరి, ఊరి పేరు, వార్డు రాసి ఒక కాగితం ఇవ్వు, రసీదు తీసుకో. ఎంపీకి నియోజకవర్గం పనులకి ఏడాదికి 5 కోట్ల నిధులుంటాయి. ఒక్క బోరు పడినా ఆ వీధికి నువ్వు మళ్ళీ తలెత్తుకుని వెళ్ళొచ్చు.

మళ్ళీ పోటీ చెయ్యాలా వద్దా అని ఇప్పుడు తేల్చుకోకు. చేస్తే మాత్రం పార్లమెంటు కాదు. మన పంచాయతీలకీ మున్సిపాలిటీలకీ 2022లో ఎన్నికలయ్యాయి, అయిదేళ్ళ లెక్కన 2027లో మళ్ళీ రావాలి. పంచాయతీలో సర్పంచికీ వార్డు మెంబరుకీ ఇక్కడ పార్టీ గుర్తులుండవు, అక్కడ నువ్వు అందరితో సమానంగా నిలబడతావు. బరంపురం కార్పొరేషన్‌లో మాత్రం పార్టీ గుర్తులుంటాయి, అయినా అక్కడ నిలబడాలనుకుంటే నీకు అనువైన వార్డు ఏదో ఫారం 20 చూస్తే నీకే తెలుస్తుంది.

శనివారం పొద్దున్న బస్సుకి వస్తున్నాను. ఖర్చుల రిజిస్టరు, బ్యాంకు పాస్‌బుక్కు, బిల్లులన్నీ ఒకచోట పెట్టు. ఏజెంట్లందరి దగ్గర్నుంచీ 17సి కాపీలు ఆ లోపు తెప్పించు, అడిగే వంకన వాళ్ళ ఇళ్ళకి నువ్వే వెళ్ళు. మధ్యాహ్నం దాకా లెక్కలు చూసుకుని, సాయంత్రం ఇద్దరం కలిసి ఫ్లెక్సీ షాపుకీ టీ కొట్టుకీ వెళ్దాం. మీ అమ్మకి నా మాటగా ధైర్యం చెప్పు.

ఆశీస్సులతో,
మీ మావయ్య