ఎక్కే ముందు నెట్టి చూడు

బుజ్జీ,

నువ్వు కొందామనుకుని వాట్సాప్‌లో పెట్టిన సెకండ్‌హ్యాండ్ బండి ఫొటోలు కళ్లజోడు పెట్టుకుని మరీ చూశాను. నల్ల రాయల్ ఎన్‌ఫీల్డ్ థండర్‌బర్డ్ 350, 2016 బండి, మీటరు మీద 18,000 కిలోమీటర్లు, అడుగుతున్నది 95,000. బండి తళతళలాడుతోంది. అమ్మే ముందు వాటర్ సర్వీసింగ్ చేయించి పాలిష్ కొట్టించడం తప్పేం కాదు, నేనూ చేయించాను. కానీ అన్ని ఫొటోల్లో సైలెన్సర్ కింది వైపు చూపించింది ఒక్కటీ లేదు, గమనించావా?

అన్నయ్య నిన్న ఫోన్ చేసి "దానికి స్కూటీ చాలని నువ్వైనా చెప్పరా" అన్నాడు. చెప్పనన్నాను. డబ్బు నీది, మోజు నీది. ముప్ఫై ఏళ్లలో ఆరు బండ్లు మార్చాను, అందులో కొత్తది ఒక్కటే. ఆ అనుభవంతో చెబుతున్నా, చూడ్డానికి వెళ్లినప్పుడు ముందు ఎక్కి కూర్చోకు. నెట్టి చూడు.

ఎక్కి కూర్చుంటే ఏ క్రూయిజరైనా బాగానే ఉంటుంది. సీటు కిందికి, హ్యాండిల్ చేతికందేట్టు, కాళ్లు ముందుకి. రెండు నిమిషాలు కూర్చుంటే చాలు, జమీందారీ వచ్చేసినట్టుంటుంది. ఇక ఆ తర్వాత లోపాలు కళ్లకి ఆనవు. అందుకని ఇంజను ఆపి, న్యూట్రల్‌లో పెట్టి, ఎడమ పక్కన నిలబడి పది అడుగులు ముందుకి నెట్టు, పది అడుగులు వెనక్కి లాగు. ఆ బండి 190 కిలోల పైమాటే. ట్యాంకు 20 లీటర్లు, నిండా పోయిస్తే పెట్రోలే 15 కిలోల దాకా తూగుతుంది, అదీ పై భాగంలో. మీ కొండాపూర్ సెల్లార్ నేను చూశానుగా. రెండు కార్ల మధ్య నుంచి రోజూ పొద్దున్నే వెనక్కి లాగాల్సింది నువ్వే, వాచ్‌మన్ కాదు.

నెట్టేటప్పుడు చెవి కూడా అటే వెయ్యి. బండి తేలిగ్గా దొర్లాలి. ఎవరో వెనక పట్టుకుని లాగుతున్నట్టుంటే బ్రేకు పట్టేస్తోందన్నమాట. చక్రం దగ్గర కరకరమంటే బేరింగు. హ్యాండిల్‌ని మెల్లగా ఆ చివర నుంచి ఈ చివరకి తిప్పు. సరిగ్గా మధ్యలోకి రాగానే గుంటలో పడ్డట్టు ఆగితే కోన్ సెట్, అంటే హ్యాండిల్ తిరిగే చోటుండే బేరింగు, పోయింది. అది పెద్ద ఖర్చేం కాదు, బేరంలో పనికొస్తుంది. ఇవన్నీ ఇంజను స్టార్ట్ చేయకుండానే తెలిసిపోయేవి.

నెట్టలేకపోతే సిగ్గుపడకు, బండి మార్చు. బజాజ్ ఎవెంజర్ 220 చూడు. సీటు ఎత్తు 737 మిల్లీమీటర్లే, బరువు 160 కిలోల చుట్టుపక్కల. నీ అయిదడుగుల రెండంగుళాలకి రెండు పాదాలూ నేల మీద పూర్తిగా ఆనతాయి. దాని పుట్టుక నాకు బాగా గుర్తు. 2001లో ఎలిమినేటర్ అని కవాసకి ఇంజనుతో 175 సీసీ బండి తెచ్చారు. షోరూం అద్దాల బయట నిలబడి చూసి ఇంటికొచ్చేశాను, మన జీతాలకి అందే ధర కాదు. అదే 2005లో ఎవెంజర్ 180 అయింది, 2007లో 200, 2010లో 220. ఒక్క జాగ్రత్త, ఎవెంజర్ స్ట్రీట్ అనగానే 220 అనుకోకు. ఆ పేరుతోనే 150, 180, 160 కూడా వచ్చాయి. ట్యాంకు మీది స్టిక్కరు చూసి కాదు, ఆర్సీలో సీసీ ఎంతుందో చూసి ధర మాట్లాడు.

డబ్బు ఇంకాస్త సర్దుకోగలిగితే ఎన్‌ఫీల్డ్ వాళ్లదే మీటియర్ 350. 2020 నవంబరులో వచ్చింది, సీటు 765, బరువు 191. థండర్‌బర్డ్ కంటే వణుకు బాగా తక్కువ. రెండు చక్రాలకీ ఏబీఎస్ ఉంటుంది, అంటే బ్రేకు గట్టిగా వేసినా చక్రం బిగుసుకుపోయి జారదు. నువ్వు చూస్తున్న 2016 బండికి ఏబీఎస్ ఉండదు. 125 సీసీ పైబడిన బండ్లన్నిటికీ అది తప్పనిసరి అయింది 2019 ఏప్రిల్ నుంచి. గేర్ల బండికి, పైగా ఇంత బరువుకి నువ్వు కొత్తదానివి. హైదరాబాద్‌లో తొలకరి చినుకులకి ఫ్లైఓవర్ల మీద రోడ్డు నూనె రాసినట్టుంటుంది. నన్నడిగితే ఏబీఎస్ కోసం మోజు కొంచెం చంపుకోవచ్చు. అది నీ ఇష్టం.

సరే, థండర్‌బర్డే అని గట్టిగా అనుకున్నావనుకో. పొద్దున్నే వెళ్లు. వెళ్లగానే ఇంజను మీద చెయ్యి పెట్టు. వెచ్చగా ఉంటే నువ్వొచ్చే ముందే స్టార్ట్ చేసి ఉంచారన్నమాట. చల్లారిన ఇంజను అబద్ధం ఆడదు. చల్లగా ఉన్నప్పుడే సెల్ఫ్ కొట్టించు. మొదటి నిమిషం పై నుంచి టిక్ టిక్ మని చప్పుడొస్తే భయపడకు, ఆ ఇంజనులో వాల్వుల్ని కదిపే టపెట్లు ఆయిల్ ప్రెషర్‌తో వాటంతటవే సర్దుకునే రకం, ఆయిల్ పైకెక్కగానే ఊరుకోవాలి. వేడెక్కాక కూడా ఊరుకోకపోతే అనుమానించు. సెల్ఫ్ నొక్కినప్పుడు ఇంజను తిరక్కుండా గర్రున జారినా, ఠక్కున కొట్టినట్టు చప్పుడొచ్చినా అది స్ప్రాగ్ క్లచ్, సెల్ఫ్ మోటారుని ఇంజనుకి కలిపే భాగం. ఈ తరం ఎన్‌ఫీల్డ్ బండ్లకి అదొక జబ్బు. బ్యాటరీ నీరసించాక కూడా సెల్ఫ్ నొక్కుతూనే ఉంటే త్వరగా పోతుంది. "ఏం లేదండీ, బ్యాటరీ డౌన్, కిక్ కొడితే చాలు" అంటారు. బ్యాటరీ ఖర్చు వేరు, ఇంజను పక్క కవరు విప్పే ఖర్చు వేరు.

పొగ సంగతి నీకు తెలిసే ఉంటుంది. నీలంగా వస్తే ఆయిల్ కాలుతోంది, మరో బండి చూసుకో. సైలెన్సర్ కింద వంగి చూడు, తుప్పు అక్కడ మొదలవుతుంది. చెవులు చిల్లులుపడే సైలెన్సర్ బిగించి ఉంటే కంపెనీది ఎక్కడుందని అడుగు. లేదంటే దాని ధర తగ్గించమను. పోలీసులు అలాంటివి ఊడబీకి రోడ్డు రోలర్ కింద వేయిస్తున్న సంగతి పేపర్లో చూస్తూనే ఉన్నాం.

మీటరు మీది అంకెని దేవుడి మాటలా నమ్మకు. 18,000 తిరిగిన బండికి ఫుట్‌రెస్ట్ రబ్బర్లు, గేర్ లివర్ రబ్బరు, హ్యాండిల్ గ్రిప్పులు బొత్తిగా అరిగిపోవు. టైరు పక్కన నాలుగంకెలు అచ్చుగుద్ది ఉంటాయి. 2316 అంటే 2016లో 23వ వారం. బండితో వచ్చిన టైర్లే ఇంకా ఉన్నాయంటే అరగకపోయినా మార్చాల్సిందే, రబ్బరు గట్టిపడిపోయి ఉంటుంది. టైర్లు కొత్తవనుకో, 18,000కే ఎందుకు మార్చారో అడుగు. జవాబు కంటే ఆయన తడబడ్డాడా లేదా అన్నది చూడు.

ఇంకోటి, ఇది మా విజయవాడ వాళ్లకే బాగా తెలిసిన సంగతి. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు సింగ్‌నగర్‌లో సీటు దాకా మునిగిన బండ్లు వీధుల నిండా చూశాను. నీళ్లు తీశాక అవి ఎక్కడెక్కడ తేలాయో ఎవరికి తెలుసు? 2020 అక్టోబరులో హైదరాబాద్‌లోనూ అదే కథ. సీటు తీసి వైర్ల కనెక్టర్లు చూడు, రాగి పచ్చగా చిలుము పట్టిందా? మూలల్లో సన్నటి ఒండ్రు ఉందా? హెడ్‌లైటు అద్దం లోపల నీటి గీత ఉందా? ఇంజను ఆయిల్ పాలు కలిపిన టీ రంగులో ఉంటే ఇంకేం మాట్లాడకు, థాంక్స్ చెప్పి వచ్చేయ్.

నడిపి చూసేటప్పుడు ఓనరు వెనక కూర్చుంటానంటే ఒప్పుకో, ఆయన బండి ఆయన భయం. 40లో వెళ్తూ ఒక్క క్షణం పట్టు సడలించు, చేతులు మాత్రం పూర్తిగా తీయకు. బండి ఒక పక్కకి లాగిందా, ఎప్పుడో గట్టిగా పడి ఉంటుంది. అన్నట్టు నీ లైసెన్సు తీసి చూశావా? స్కూటీ మీద టెస్టిచ్చి తెచ్చుకున్నావు. అందులో గేర్ లేని బండి అని మాత్రమే ఉంటే ముందు గేర్ బండికి ఎల్ఎల్ఆర్, అదే లెర్నర్ లైసెన్సు, తీసుకో. అది లేకుండా ఏదైనా జరిగితే ఇన్సూరెన్సు వాళ్లు చేతులు దులుపుకుంటారు.

ఇక కాగితాలు. నేను దెబ్బతిన్నది ఇక్కడే. 2011లో గుంటూరులో ఒక బ్రోకరు దగ్గర ఎవెంజర్ 200 కొన్నాను. ఆర్సీలో ఫైనాన్స్ కంపెనీ పేరుంది. "లోను ఎప్పుడో కట్టేశారండీ, క్లియరెన్స్ లెటరు రేపొచ్చేస్తుంది" అన్నాడు. ఆ రేపు ఏడు నెలలకొచ్చింది. పాత ఓనరు నంబరు మార్చేశాడు, ఫైనాన్స్ ఆఫీసు ఊరే మార్చేసింది. చివరికి మిగిలిపోయిన రెండు వాయిదాలు నేనే కట్టి కాగితం తెచ్చుకున్నాను. మీ పిన్ని ఇప్పటికీ ఏ పని "రేపు" అన్నా, "మీ ఎవెంజర్ లెటరు లాంటి రేపేనా?" అంటుంది.

అందుకని అడ్వాన్సు ఇచ్చే ముందే రవాణా శాఖ రికార్డుల్లో ఆ నంబరు వివరాలు చూడు. ఎన్నో ఓనరు, ఫైనాన్స్ ఉందా, ఇన్సూరెన్స్ ఎప్పటిదాకా, అన్నీ కనుక్కో. ఫైనాన్స్ కనిపిస్తే కంపెనీ నుంచి అభ్యంతరం లేదనే లెటరు (ఎన్‌ఓసీ), ఆర్సీలో ఫైనాన్స్ పేరు తీయించే ఫారం 35 సంతకాలతో చేతికొచ్చాకే డబ్బు. తెలంగాణ ఈ-చలాన్ సైట్‌లో బకాయిలెన్నో చూసి ఆయన చేతే కట్టించు. ఛాసిస్ నంబరు, ఇంజను నంబరు ఆర్సీతో ఒక్కో అంకే సరిచూసుకో, గీకినట్టుంటే వదిలెయ్. బండి పేరు మార్పిడికి వాడే ఫారం 29, 30 మీద ఆయన సంతకాలు నీ ఎదురుగా పెట్టించు. నీ పేరుకి మార్పించుకోవడానికి 30 రోజుల గడువు. నీ ఆధార్ ఇంకా విజయవాడ అడ్రసుతోనే ఉంది, హైదరాబాద్ అడ్రసుకి రుజువు ముందే సిద్ధం చేసుకో. నంబరు టీఎస్ అని ఉందని కంగారుపడకు, 2024 మార్చి నుంచి కొత్తగా రిజిస్టరైన వాటికే టీజీ. ఇక్కడ మన దగ్గర ఏపీ 39 బండి చవగ్గా వస్తుందని మీ తమ్ముడు అంటున్నాడట. అది అక్కడికి తెచ్చుకుంటే ఎన్‌ఓసీ, మళ్లీ లైఫ్ ట్యాక్సు, ఆ చవకంతా అక్కడే కరిగిపోతుంది.

ఇన్సూరెన్సు 14 రోజుల్లో నీ పేరుకి మార్పించు. క్లెయిమ్ చేయనందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు, ఆ నో క్లెయిమ్ బోనస్ ఆయనదే, నీకు రాదు. అది చూపించి ధర పెంచితే నవ్వి ఊరుకో.

ధర మాత్రం నేను చెప్పను, బండి చూడకుండా చెప్పకూడదు. కానీ నీ దగ్గర లక్ష ఉంటే 80,000 దాటిన బండి వద్దు. మిగతా 20,000 టైర్లకి, చైన్ స్ప్రాకెట్‌కి, బ్యాటరీకి, ఇన్సూరెన్సుకి, ట్రాన్స్‌ఫర్‌కి, ఒక మంచి ఐఎస్ఐ హెల్మెట్‌కి కళ్లు మూసి తెరిచేలోగా అయిపోతాయి.

శనివారం రాత్రి బస్సెక్కి ఆదివారం పొద్దున్నే దిగుతాను. ఎనిమిదింటికి వస్తామని ఆ ఓనరుకి ఫోన్ చేసి చెప్పు. మేం వచ్చేదాకా బండి స్టార్ట్ చేయొద్దని కూడా చెప్పు. ఎందుకని అడిగితే మా బాబాయ్‌కి చాదస్తం అను.

మీ బాబాయ్