అమెరికన్ జాజ్ పియానో వాద్యకారుడు, బృంద నాయకుడు కౌంట్ బేసీ కథలో తరచూ వినిపించే బెన్నీ మోటెన్ ఎవరు?

1920లలో అమెరికాలోని కాన్సాస్ సిటీలో అందరికంటే పేరున్న జాజ్ బృంద నాయకుడు. పుట్టిందీ ఆ ఊళ్లోనే. పియానో వాద్యకారుడు. 1923లో తొలి రికార్డులు చేశారు, 1926 నుంచి విక్టర్ రికార్డు సంస్థకు వాయించారు.

నా దృష్టిలో ఆయన అసలు ప్రతిభ మనుషులను పట్టుకోవడంలో ఉంది. వాల్టర్ పేజ్ నడిపిన బ్లూ డెవిల్స్ బృందం నుంచి ఒక్కొక్కరినీ లాగేశారు: బేసీ, గాయకుడు జిమ్మీ రషింగ్, చివరికి పేజ్‌ను కూడా! 1929లో బేసీ వచ్చాక రికార్డింగుల్లో చాలావరకు తన పియానో కుర్చీనే ఆయనకు వదిలేశారు. ఏ నాయకుడు చేస్తాడా పని?

ఫలితం 1932 డిసెంబరులో న్యూజెర్సీలోని కామ్డెన్‌లో రికార్డయిన 'మోటెన్ స్వింగ్'లో తెలుస్తుంది. పాట అడుగున పేజ్ వాయించే స్ట్రింగ్ బాస్‌ను (మంద్ర స్వరాల పెద్ద తీగ వాద్యం) వినండి. పాత రికార్డుల్లో టూబా (పెద్ద ఇత్తడి ఊదు వాద్యం) నాలుగు దెబ్బల తాళంలో బరువుగా రెండేసి దెబ్బలతో నడిస్తే, ఇక్కడ బాస్ నాలుగు దెబ్బలూ సమంగా వేస్తూ పరుగెత్తుతుంది. తర్వాత వచ్చిన స్వింగ్ (ఊగించే లయతో సాగే జాజ్) యుగం నడక ఇదే.

1935 ఏప్రిల్‌లో టాన్సిల్స్ ఆపరేషన్ జరుగుతుండగా మోటెన్ చనిపోయారు. ఆ బృందంలోని పలువురితోనే బేసీ కాన్సాస్ సిటీలోని రెనో క్లబ్బులో సొంత బృందం నిలబెట్టారు.