నాన్న చేతిని మళ్లీ పనిలో పెట్టే చదువు ఏది?

ప్రశ్న: ఇంటర్ బైపీసీ పూర్తయింది. ఎనిమిది నెలల కిందట నాన్నకు పక్షవాతం వచ్చి కుడి చెయ్యి పడిపోయింది. ఇప్పుడు నడుస్తున్నారు, వేళ్లు కొంచెం కదులుతున్నాయి, కానీ అన్నం కలుపుకోలేరు. ఇలాంటివారికి సాయపడే కోర్సు చేయాలనుంది. ఫిజియోథెరపీ తీసుకోవాలా, ఆక్యుపేషనల్ థెరపీయా? బంధువులేమో ‘మాలిష్ చేయడానికి డిగ్రీ ఎందుకు’ అంటున్నారు.
– ఒక విద్యార్థిని, ఖమ్మం జిల్లా

జవాబు: మీ మనసులో ఉన్నది ‘అన్నం కలుపుకోవడం’ అయితే, ఆ పనికి సూటిగా సరిపోయేది ఆక్యుపేషనల్ థెరపీ. లేచి కూర్చోవడం, నడక, కీళ్ల కదలిక, కండరాల బలం ఎక్కువగా ఫిజియోథెరపిస్టు చూస్తారు. ఆ చేత్తో గుండీ పెట్టుకోవడం, గ్లాసు పట్టుకోవడం, సంతకం చేయడం ఆక్యుపేషనల్ థెరపిస్టు చూస్తారు. ఈ గీత ఆసుపత్రిలో అంత స్పష్టంగా ఉండదు. మన దగ్గర చాలాచోట్ల రెండో రకం థెరపిస్టే ఉండరు, ఫిజియోనే అన్నీ చేస్తారు.

మాలిష్ సంగతికొస్తే, పక్షవాతంలో దెబ్బతిన్నది మెదడు. చెయ్యి రుద్దితే హాయిగా ఉంటుందేమో గానీ, కదలిక తిరిగి రావాలంటే మెదడు ఆ పనిని మళ్లీ నేర్చుకోవాలి. ఆ నేర్పు ఆ చేత్తో పని చేస్తేనే వస్తుంది. ఇంకో చిక్కుంది. మొదట్లో చెయ్యి మాట వినకపోవడంతో మనిషి అన్నిటికీ ఎడమ చేతికి అలవాటు పడతాడు. తర్వాత కుడి చేతికి కాస్త శక్తి వచ్చినా దాన్ని వాడడు. అమెరికాలో అలబామా విశ్వవిద్యాలయంలో మనస్తత్వ శాస్త్రవేత్త ఎడ్వర్డ్ టాబ్ ఈ అలవాటు మీదే పనిచేసి ఒక చికిత్స రూపొందించారు. బాగున్న చేతికి మెలకువగా ఉన్న సమయంలో చాలా భాగం మందపాటి తొడుగు వేసి, పడిపోయిన చేత్తోనే రోజూ గంటల తరబడి పనులు చేయిస్తారు. స్ట్రోక్ (పక్షవాతం) వచ్చి 3 నుంచి 9 నెలలైన 222 మందితో చేసిన పరీక్షలో రెండు వారాల ఈ శిక్షణ మామూలు చికిత్స కంటే మేలని తేలింది. ఫలితాలు 2006లో వచ్చాయి. అయితే ఇది అందరికీ కుదరదు. మణికట్టు, వేళ్లు పైకి కొంతైనా లేవాలి. నాన్నగారికి సరిపోతుందో లేదో థెరపిస్టు చూసే చెప్పాలి. మీరే ఇంట్లో మంచి చెయ్యి కట్టేయకండి, ఆయన జారి కిందపడితే కొత్త కష్టం.

కదలిక తక్కువగా ఉన్నవారికి అద్దం చికిత్స ఉంది. చేతుల మధ్య అద్దం నిలబెట్టి, మంచి చెయ్యి ఆడిస్తూ అద్దంలో చూస్తుంటే పడిపోయిన చెయ్యే కదులుతున్నట్టు కనిపిస్తుంది. చెయ్యి తెగిపోయినా ఉన్నట్టే నొప్పెట్టేవారి కోసం మెదడు శాస్త్రవేత్త వి.ఎస్. రామచంద్రన్ 1990లలో వాడిన ఉపాయం ఇది. పెద్ద ఖర్చు లేనిది. దీనికి భిన్నంగా, చేతిని కదిలించే ఖరీదైన రోబో పరికరాలను చూసి మురిసిపోవద్దు. బ్రిటన్‌లో 770 మందితో చేసి 2019లో ప్రచురించిన పరీక్షలో, మామూలు చికిత్స కంటే రోబో శిక్షణతో చేతి పనితీరు మెరుగుపడలేదు. కాలేజీ బ్రోషర్‌లో రోబో ఫొటో ఉందని సీటు తీసుకునేవాళ్లకు ఇది చెబుతుంటాను.

మెత్తటి బంతి పిసకమని ఇచ్చే సలహా కూడా అంతే. చాలామందికి చెయ్యి మూయడం కష్టం కాదు, బిగుసుకున్న వేళ్లను తెరవడమే కష్టం. ముద్ద చేయాలంటే వేళ్లు ముందు విచ్చుకోవాలి, తర్వాత అన్నీ ఒక దగ్గరికి రావాలి. ఇలా ఒక పనిని ముక్కలు చేసి, ఎక్కడ ఆగిపోతోందో పట్టుకోవడమే ఈ వృత్తిలో అసలు విద్య.

ఇక మీ స్వభావం. 2009లో వచ్చిన ఒక పరిశీలనలో, ఒక్కో సెషన్‌లో చేత్తో అసలు పని సాధన సగటున 32 సార్లే జరుగుతోందని తేలింది. నేర్చుకోవడానికి వందలసార్లు కావాలి. విసుగెత్తిన పెద్దాయనతో అదే గ్లాసు మళ్లీ ఎత్తించగలరా? కొందరికి చెయ్యి పూర్తిగా రాదు. అప్పుడు ఒంటిచేత్తో బతకడం నేర్పాలి, ఆ మాట ఇంట్లోవాళ్లకు చెప్పాలి. దీనికి సిద్ధపడితేనే రండి.

మన రెండు రాష్ట్రాల్లో ఫిజియోథెరపీ కాలేజీలు చాలా ఉన్నాయి, బీఓటీ (ఆక్యుపేషనల్ థెరపీ డిగ్రీ) సీట్లు చాలా తక్కువ. కటక్ దగ్గర ఒలత్‌పూర్‌లోని స్వామి వివేకానంద జాతీయ పునరావాస సంస్థ, కోల్‌కతాలోని జాతీయ లోకోమోటర్ డిసెబిలిటీస్ (కదలికల వైకల్యాల) సంస్థ, వెల్లూరు సీఎంసీ, మణిపాల్ చూడండి. 2021 చట్టంతో ఏర్పడిన, ఇలాంటి అనుబంధ వైద్య వృత్తులను చూసే జాతీయ కమిషన్ సిలబస్, ప్రవేశాల పద్ధతి మారుస్తోంది కాబట్టి, సీనియర్లు చెప్పిన మాట కాకుండా ఈ ఏడాది నోటిఫికేషన్ చదవండి. ఏ కాలేజీ అయినా సొంత ఆసుపత్రిలో న్యూరో వార్డు ఉందా అని అడగండి. లేకపోతే నాలుగేళ్లూ పుస్తకాల్లోనే స్ట్రోక్ చూస్తారు.

ఉద్యోగాల విషయంలో ఒకటి ముందే తెలియాలి. హైదరాబాద్ లాంటి నగరాల్లో కొత్త బీఓటీలను ఎక్కువగా తీసుకునేది ఆటిజం ఉన్న పిల్లల సెంటర్లే. స్ట్రోక్ పనే కావాలంటే రిహాబ్ (పునరావాస చికిత్స) విభాగమున్న పెద్ద ఆసుపత్రిలో ఇంటర్న్‌షిప్, తర్వాత న్యూరో స్పెషలైజేషన్‌తో ఎంఓటీ (ఇందులోనే పీజీ) ప్లాన్ చేసుకోండి. అమెరికా ఆలోచన ఉంటే, అక్కడ ఈ వృత్తిలోకి రావడానికి మాస్టర్స్ స్థాయి చదువు, ఆపై ఎన్‌బీసీఓటీ అనే జాతీయ సర్టిఫికేషన్ పరీక్ష, రాష్ట్ర లైసెన్స్ కావాలి.

దరఖాస్తుకు ముందు, నాన్నగారిని చూపించే ఆసుపత్రిలోనే అనుమతి అడిగి కొన్ని రోజులు థెరపీ గదిలో కూర్చోండి. మీ నాన్న సెషన్ కాదు, ముక్కూమొహం తెలియనివాళ్ల సెషన్లు చూడండి.