ఆ రాత్రి చెవులతో ఆల్బమ్ వినకు

అమ్మలూ,

నిన్న ఫోన్లో మొదట నీ గొంతులో ఎంత హుషారు, మాట ముగిసేసరికి ఎంత నీరసం! స్నేహితులు లాక్కెళితే ఒక బ్యాండ్ షోకి వెళ్లావు. అసలు బ్యాండ్ రాకముందు వాయించిన, పేరైనా తెలియని ఆ నలుగురు నిన్ను కట్టిపడేశారు. ఇంటికొస్తూ దారిలోనే వాళ్ల ఆల్బమ్ వెతికి పెట్టుకున్నావు. రెండు పాటలయ్యేసరికి "మావయ్యా, అసలు ఇది వాళ్లేనా?" అనిపించింది. వాళ్లేనమ్మా. ఆ ఆల్బమ్‌ని మాత్రం అప్పుడే పక్కన పడేయకు. ముప్ఫై ఏళ్లకు పైగా ఇదే పిచ్చిలో ఉన్నవాణ్ణి, నాకు తెలిసింది చెబుతాను.

ముందు చెవుల సంగతి. హాల్లోంచి బయటికి రాగానే గుయ్యిమనడం, పక్కవాళ్ల మాటలు చెవిలో దూది పెట్టుకున్నట్టు వినబడటం నువ్వే చెప్పావు. పెద్ద శబ్దానికి చెవి కాసేపు మొద్దుబారుతుంది. ముఖ్యంగా పై శ్రుతులు, అంటే డ్రమ్స్ పక్కనుండే ఇత్తడి పళ్లేల (సింబల్స్) మెరుపు, మాటల్లో స, ష లాంటివి మసకబారిపోతాయి. ఆ చెవులతో ఏ ఆల్బమ్ విన్నా చప్పగానే ఉంటుంది. కనీసం ఒక రోజు, వీలైతే రెండు రోజులు ఆగి విను. ఆ గుయ్యిమనడం రోజులు గడిచినా తగ్గకపోతే మాత్రం డాక్టర్‌కి చూపించుకో, నిర్లక్ష్యం చేయకు. ఇలాంటి చోట్ల శబ్దం పదిహేను నిమిషాల సగటున 100 డెసిబెల్స్ దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో చెప్పింది. ఈసారి వెళ్లేటప్పుడు సంగీతకారులు వాడే రకం ఇయర్‌ప్లగ్స్ పెట్టుకో. మామూలు ఫోమ్‌వి పై శ్రుతుల్ని ఎక్కువగా మింగేస్తాయి. ఇవి అన్నిటినీ ఇంచుమించు సమానంగా తగ్గిస్తాయి, పాట పాటలాగే ఉంటుంది.

రెండోది, ఫోన్ స్పీకర్లో విన్నానన్నావు. అక్కడే సగం బ్యాండ్ పోయింది తల్లీ. మామూలు నాలుగు తీగల బాస్ గిటార్‌లో అన్నిటికన్నా లావు తీగ సెకనుకు దాదాపు 41 సార్లు కంపిస్తుంది. ఆ రాత్రి నీ గుండెల మీద గుద్దినట్టు తగిలింది అలాంటి మంద్ర శబ్దమే. ఫోన్లోని ఆ చిన్న స్పీకర్ దాన్ని పలికించలేదు. ఇంకో మెలిక కూడా ఉంది. శబ్దం తగ్గేకొద్దీ మన చెవి మంద్ర స్వరాల్ని మిగతావాటికన్నా ఎక్కువగా వదిలేస్తుంది. అమెరికాలోని బెల్ ల్యాబ్స్ అనే పరిశోధన సంస్థలో ఫ్లెచర్, మన్సన్ అనే ఇద్దరు 1933లోనే దీన్ని కొలిచి చూపించారు. అందుకే మంచి హెడ్‌ఫోన్స్‌తో గానీ, కాస్త పెద్ద స్పీకర్లతో గానీ విను. గుసగుసలా పెట్టకు, అలాగని హాల్లో ఉన్నంత మోత కూడా వద్దు.

ఇక అసలు విషయం. పాటలు ఈడ్చినట్టున్నాయన్నావు చూడు, ఆ మాట నిజమే అయ్యుండొచ్చు. స్టూడియోలో చాలామంది డ్రమ్మర్లు చెవిలో టిక్ టిక్‌మనే క్లిక్‌ని పట్టుకుని వాయిస్తారు. స్టేజీ మీద జనం కేకలు వింటూ చేతులు వాటంతటవే పరుగెడతాయి. స్టూడియోలో ఒకే గిటారిస్టు ఒకే భాగాన్ని రెండుసార్లు వాయిస్తే ఒకటి ఎడమ చెవికి, ఒకటి కుడి చెవికి పెడతారు. స్టేజీ మీద ఉన్నది ఒక్క గిటార్, రెండు చేతులు.

డీప్ పర్పుల్ అనే ఇంగ్లిష్ రాక్ బ్యాండ్‌నే చూడు. 1971 డిసెంబర్‌లో స్విట్జర్లాండ్‌లోని మాంట్రోలో, చలికాలానికి మూసేసిన ఒక హోటల్ వరండాల్లో పరుపులు అడ్డం పెట్టుకుని, బయట ఆపిన రికార్డింగ్ బండిలోకి వైర్లు లాగి 'మెషీన్ హెడ్' ఆల్బమ్ రికార్డు చేశారు. అందులో 'స్పేస్ ట్రకిన్' నాలుగున్నర నిమిషాల పాట. 1972 ఆగస్టులో జపాన్‌లో అదే పాటని స్టేజీ మీద ఇంచుమించు ఇరవై నిమిషాలు వాయించారు. ఆ షోల రికార్డింగులతో వచ్చిన 'మేడ్ ఇన్ జపాన్' ఎల్పీలో ఒక వైపంతా అదే! ఆ రెంటికీ మధ్య పట్టుమని తొమ్మిది నెలలు కూడా లేవు. ఏది అసలు పాట అని నన్నడిగితే రెండూ అంటాను. కానీ ఇరవై నిమిషాల దాన్ని గుర్తుపెట్టుకుని నాలుగున్నర నిమిషాల దాన్ని వింటే ఏదో కోసేసినట్టే ఉంటుంది.

ఈ తప్పు నేనూ చేశాను. నీ వయసులో ఒక షో అయ్యాక హాలు తలుపు పక్కన బల్ల మీద వాళ్ల రికార్డులు పెట్టి అమ్ముతున్నారు. చెమటకి చొక్కా ఒంటికి అతుక్కుపోయి, పాడినాయనే నా చేతికి ఒకటిచ్చాడు. ఆ రాత్రే ఇంట్లో పెట్టుకు విన్నాను. ప్రాణం లేనట్టనిపించి అటక మీద పడేశాను. నెలల తర్వాత ఒక సాయంత్రం ఏమీ తోచక హెడ్‌ఫోన్స్ పెట్టుకుని మళ్లీ తీశాను. మూడో పాట మొదలవబోతూ ఆయన ఊపిరి తీసుకోవడం వినబడింది. తీగ మీద వేలు జారిన చిన్న కీచు. కింద ఎక్కడో ఒక అకౌస్టిక్ గిటార్ మెల్లగా నడుస్తోంది, స్టేజీ మీద అది లేనే లేదు. మాటలు మొదటిసారి స్పష్టంగా విన్నాను. అది చనిపోయిన తండ్రితో మాట్లాడుతున్న పాట. ఆ రాత్రి ఆ పాటకే నేను చేతులు పైకెత్తి గంతులేశాను. ఆ సాయంత్రం పాట అయ్యాక సూది పైకి లేచినా అలాగే కూర్చుండిపోయాను.

కాబట్టి ఆ రాత్రిని ఆల్బమ్‌లో వెతక్కు. షఫుల్ ఆపేసి, మొదటి పాట నుంచి చివరిదాకా వాళ్లు పెట్టిన వరసలోనే విను. ఏ పాట ముందు, ఏది తర్వాత అని వాళ్లు గంటలకొద్దీ కొట్టుకుని ఉంటారు. మొదటిసారి ఏ తీర్పూ చెప్పకు. రెండోసారి పాటల సాహిత్యం ఎదురుగా పెట్టుకో. మూడోసారి ఒక్క బాస్‌నే వెంబడించు, మిగతావి వదిలెయ్. మూడుసార్లకీ పట్టకపోతే సరే, నీకు నచ్చింది వాళ్ల స్టేజీయే అనుకుందాం, అదీ తక్కువేం కాదు. అన్నట్టు, ఆ రాత్రి ఏ పాట తర్వాత ఏది పాడారో గుర్తున్నంతవరకు ఇవాళే కాగితం మీద రాసుకో. వారం ఆగితే కలిసిపోతాయి.

నువ్వు చెప్పావే, లైట్లన్నీ ఆపేసి పాడారని, ఆ చివరి పాట ఆల్బమ్‌లో ఎన్నోదో చూసి నాకు రాయి. వాళ్లు మళ్లీ వచ్చినప్పుడు నాకూ ఒక టికెట్ తీసుకో. ఇయర్‌ప్లగ్స్ ఇద్దరికీ నేనే తెస్తాను.

మీ మావయ్య