ఖాళీ గడిలో సున్నా వేయకు

ఒరేయ్ నానీ,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసి, "నీ కొడుకు ఈ చలికాలమంతా ఊళ్లో దగ్గులూ జ్వరాలూ లెక్కపెడతాడట అక్కా" అని ఒకటే నవ్వు. నాకు నవ్వు రాలేదు. పీహెచ్‌సీలో చేరి నాలుగు నెలలు కాలేదు. ఓపీ రిజిస్టరు చూసి ఫ్లూ ఎప్పుడు మొదలైందో, ఎటు పెరుగుతోందో పట్టుకోవాలని నీ అంతట నువ్వు అనుకున్నావంటే గర్వంగానే ఉంది. మన ఇంట్లో మొదటి డాక్టరువి మరి. కానీ ఆ రిజిస్టర్లూ ఆ ఫారాలూ ముప్పై ఏళ్లు నింపినదాన్ని నేను. అవి ఎంత తేలిగ్గా అబద్ధమాడతాయో తెలుసు. నిద్ర పట్టక లేచి రాస్తున్నాను.

తేలికవి ముందు చెప్పేస్తాను. ఫ్లూ లాంటి జబ్బని దేన్ని లెక్కపెట్టాలో డబ్ల్యూహెచ్‌ఓ కొలత నీకు తెలిసిందే. 38 డిగ్రీలు, అంటే మన థర్మామీటరులో 100.4, లేదా అంతకు మించి జ్వరం ఉండాలి, దగ్గు ఉండాలి, మొదలై 10 రోజులు దాటకూడదు. దగ్గు లేని జ్వరాన్ని కలిపావో, వానలప్పటి డెంగీలూ మలేరియాలూ అన్నీ వచ్చి నీ లెక్కలో కూర్చుంటాయి. మూడో రోజు మళ్లీ వచ్చినవాణ్ణి మళ్లీ లెక్కపెట్టకు. వయసు రాయి. సీజను మధ్యలో కొలత మార్చకు. మాస్కు పెట్టుకో.

ఒక చిక్కు మాత్రం పుస్తకాల్లో ఉండదు. మనవాళ్లు జ్వరంతో ఆసుపత్రికి రారురా, పొద్దున్నే ఒక డోలో మింగి బస్సెక్కుతారు. నీ దగ్గరికొచ్చేసరికి ఒళ్లు చల్లగా ఉంటుంది, నువ్వు "జ్వరం లేదు" అని రాసేస్తావు. "మాత్ర ఎన్నింటికి వేసుకున్నారు?" అని అడుగు. అలాంటివాళ్లను అసలు లెక్కలో కలపకుండా పక్కన ఇంకో గడి గీసి అందులో రాయి. రెండు గళ్లూ కలిసి పెరుగుతున్నాయంటే నీకే అర్థమవుతుంది.

మొత్తం ఓపీ ఎంతో కూడా ఏ వారానికావారం రాసుకో. "ఈ వారం 20 మంది" అంటే నాకేం తెలుస్తుంది? 400 మందిలో 20 ఒక సంగతి, 160 మందిలో 20 ఇంకో సంగతి. పండగ వారం ఓపీ పడిపోతుంది. డాక్టరు సెలవు పెట్టినా పడిపోతుంది, ఆ డాక్టరువి నువ్వే.

ఇక అసలు సంగతి. ఇది మీ అమ్మకు కూడా చెప్పలేదు.

2009 మే నెలలో స్వైన్ ఫ్లూ మన దేశంలో మొదటిసారి హైదరాబాదులో బయటపడింది, అమెరికా నుంచి విమానంలో వచ్చినతనికి. అప్పుడు మేమంతా విమానాల వైపే చూశాం. మా ఊళ్లలోకి మాత్రం అది, ఐదారేళ్ల తర్వాత, సంక్రాంతి బస్సులో వచ్చింది.

2015 జనవరి. నేను గోదావరి పక్క ఒక పీహెచ్‌సీలో హెల్త్ సూపర్‌వైజర్ని. ఐడీఎస్‌పీ, అంటే అంటురోగాల మీద కన్నేసి ఉంచే సర్కారు పథకం, దాని కింద వారం వారం రిపోర్టులు వెళ్లేవి. ఎస్ ఫారం ఊళ్లోని సబ్‌సెంటరు నర్సు ఏఎన్‌ఎంది, పీ ఫారం డాక్టరుది, ఎల్ ఫారం ల్యాబుది. సోమవారం నుంచి ఆదివారం దాకా ఒక వారం, మర్నాడు సోమవారం అన్ని సబ్‌సెంటర్ల ఫారాలూ నా బల్ల మీద ఉండాలి. పండగ వారం ఫారాలు 19వ తేదీన వచ్చాయి, ఒక్కటి తప్ప. ఆ ఏఎన్‌ఎం కూతురి పెళ్లి పనులని సెలవులో ఉంది. పై నుంచి ఫోను మీద ఫోను, నూటికి నూరు శాతం రిపోర్టులు రావాలని. కంప్యూటర్ కుర్రాడు తలుపు దగ్గర నిలబడి "అమ్మా, ఒక్కటే తక్కువ" అన్నాడు.

ఖాళీ ఫారం ఒకటి తీసి నేనే నింపాను. జ్వరం, సున్నా. దగ్గు, సున్నా. విరేచనాలు, సున్నా. కామెర్లు, సున్నా. నీలం రీఫిల్, ఇప్పటికీ కళ్లకు కడుతుంది. సున్నాలన్నీ ఒకే సైజులో, గుండ్రంగా, ముగ్గు చుక్కల్లా వేశాను. నా చేతిరాత బాగుంటుందని ఆఫీసులో పేరు కదా.

సుమారు పది రోజులకు ఆ ఊరి నుంచే ఒక ఆటో వచ్చింది. ఏడో నెల గర్భిణి. మాట పూర్తి చేయలేనంత ఆయాసం, పెదవులు నీలం తిరిగి ఉన్నాయి. కనుమ నాటి నుంచి ఆ వీధిలో ఇంటింటా దగ్గూ జ్వరమేనట. హైదరాబాదు నుంచి వచ్చిన మరిది ముందు పడుకున్నాడు, తర్వాత అత్తగారు, తర్వాత ఈ పిల్ల. నాలుగు రోజులు ఆర్‌ఎంపీ దగ్గర ఇంజెక్షన్లు చేయించారు. కాకినాడ పంపించాం. స్వైన్ ఫ్లూ అని తేలింది. తల్లి దక్కింది. అంతవరకే రాయగలను.

నన్ను ఎవరూ ఏమీ అనలేదు. ఎవరికీ తెలియలేదు కూడా. ఆ గడి ఖాళీగా వదిలి ఉంటే, తిట్టడానికైనా ఎవరో ఒకరు "ఆ ఊరు ఏమైంది?" అని అడిగేవాళ్లు. ఎవరో ఒకరు సైకిలేసుకుని వెళ్లేవాళ్లు. సున్నా కనిపించాక ఎవరు వెళతారు? ఆ ఊరు బాగుందని నేనే సంతకం పెట్టి పంపాను.

అందుకే చెబుతున్నాను. కేసులు లేకపోతే సున్నా, కబురు రాకపోతే "రాలేదు". ఇప్పుడు మీకు కాగితం ఫారాలు లేవు, 2021 నుంచి ఈ రిపోర్టులకు కొత్త ఐహెచ్‌ఐపీ పోర్టల్ వచ్చిందంటున్నారు, ట్యాబుల్లో కొడుతున్నారు. ట్యాబులో సున్నా కొట్టడం ఇంకా తేలిక, రీఫిల్ కూడా అరగదు. ఏ ఏఎన్‌ఎం అయినా వరసగా రెండు వారాలు సున్నాలు పంపితే మీటింగులో అందరి ముందు నిలబెట్టి అడగకు. బండేసుకుని ఆ ఊరు వెళ్లు. అరుగు మీద కాసేపు కూర్చుంటే ఎంతమంది దగ్గుతున్నారో నీకే వినిపిస్తుంది. బడికి ఎంతమంది రాలేదో హెడ్మాస్టర్ని అడుగు. మీ ఫార్మసిస్టును పారాసిటమాల్, సెట్రిజిన్ ఎంత కదిలాయో అడుగు. మందుల స్టాకుకి పండగ సెలవుల్లేవు.

ఆర్‌ఎంపీలతో గొడవ పెట్టుకోకు. వాళ్ల దగ్గరికి వెళ్లినవాళ్లెవరూ నీ రిజిస్టరులో ఉండరు. చట్టం సంగతి నాకూ తెలుసు, నాకు పాఠం చెప్పకు. వారానికోసారి టీ తాగుతూ "ఈ వారం ఎలా ఉందండీ?" అంటే చాలు, అన్నీ చెబుతారు.

నీ లెక్క ఏ వైరస్సో చెప్పదని గుర్తుంచుకో. స్వైన్ ఫ్లూ అయినా, 2023 మార్చిలో అందరూ చెప్పుకున్న హెచ్3ఎన్2 ఫ్లూ అయినా, కోవిడ్ అయినా ఓపీలో అదే దగ్గు, అదే జ్వరం. గీత పైకి లేస్తుంటే కొన్ని శాంపిళ్లు ల్యాబుకు పంపించు. అన్నీ పంపక్కర్లేదు.

గర్భిణి విషయంలో మాత్రం ల్యాబు కోసం చూడకు నాన్నా. తేలికపాటి జ్వరమే అయినా ఆమె బీ కేటగిరీ, అంటే పరీక్ష లేకుండానే మందు మొదలుపెట్టాల్సిన మనిషి. ఫ్లూ మందు ఒసెల్టామివిర్ మొదటి 48 గంటల్లో పడితే మేలు. డాక్టరుకి నేను చెప్పేదేమిటని నవ్వుకో, పరవాలేదు. నీ రిజిస్టరులో గర్భిణులకు ఎర్ర పెన్నుతో గుర్తు పెట్టు, నా మాట విను.

చిన్నప్పుడు చలికాలం వస్తే నీకే పిల్లికూతలు వచ్చేవి. నా ఒళ్లో నిటారుగా కూర్చోబెట్టుకుని తెల్లార్లూ నీ ఊపిరి లెక్కపెట్టేదాన్ని. నిమిషానికి ఎన్నో గోడ గడియారం చూసి లెక్క. ఇప్పుడు రోజంతా దగ్గేవాళ్ల మధ్య కూర్చుంటానంటున్నావు. ఓపీ గదిలో కిటికీలు తెరిపించు, ఇన్‌హేలర్ జేబులో ఉంచుకో. ఈ ఏడు ఫ్లూ టీకా వేయించుకున్నావా లేదా? మీ అమ్మ తెలియదంది.

ప్రతి సోమవారం రాత్రి తొమ్మిదికి ఫోన్ చెయ్యి. మొత్తం ఓపీ ఎంత, అందులో ఎన్ని, ఏ సబ్‌సెంటరు నుంచి రాలేదు. నా దగ్గర పాత డైరీ ఒకటి ఖాళీగా ఉంది, గళ్లు గీసి పెట్టాను.

మీ పెద్దమ్మ