కొత్త చలరాశి కట్టే ముందు: ఒక యువ రచయితకు లేఖ

అమలాపురం

చిరంజీవికి ఆశీస్సులు.

దాళ్వా (రబీ) వరి దిగుబడులపై నువ్వు రాసిన వ్యాసం చిత్తుప్రతీ, దానితోపాటు స్టాటా అనే గణాంక సాఫ్ట్‌వేర్‌లో నువ్వు రాసుకున్న ఆదేశాల ఫైలూ అందాయి. ముందుగా ఫైలునే చదివాను. సర్వే లెక్కలను ఆధారం చేసుకుని రాసేవారి అసలు రచన అక్కడే మొదలవుతుందని నా గట్టి నమ్మకం. కౌలు రైతుల్లో ఎక్కువమంది అధిక దిగుబడి సాధించారని వ్యాసం రెండో పేరాలో రాశావు. ఆ మాటకు మూలం ఫైలులోని ఒకే ఒక్క వరుస: దిగుబడి ఎకరానికి 40 బస్తాలు దాటితే 1, లేకుంటే 0 అని చెప్పి కొత్త చలరాశిని, అంటే పట్టికలో ప్రతి రైతుకూ ఒక విలువ ఉండే కొత్త నిలువు పట్టీని, పుట్టించిన వరుస. ఈ ఉత్తరమంతా ఆ వరుస గురించే.

స్టాటాలో విలువ లేని గడిలో చుక్క ఉంటుంది. ఆ చుక్కను ఆ సాఫ్ట్‌వేర్ ఏ సంఖ్య కన్నా కూడా పెద్దదిగా పరిగణిస్తుంది. కాబట్టి దిగుబడి 40 కన్నా ఎక్కువా అని నువ్వు అడిగినప్పుడు, దిగుబడి ఎంతో చెప్పని రైతుకూ, ఆ పంట కాలంలో అసలు నాట్లే వేయని రైతుకూ కూడా అది అవుననే బదులిచ్చి, వారందరినీ అధిక దిగుబడి వర్గంలో చేర్చేసింది. ఇదే షరతును శాస్ అనే మరో గణాంక సాఫ్ట్‌వేర్‌లో రాసి ఉంటే అక్కడ ఖాళీ విలువ అన్ని సంఖ్యల కన్నా చిన్నది గనుక వారందరూ తక్కువ దిగుబడి వర్గంలో పడేవారు. ఆర్, ఎస్‌పీఎస్‌ఎస్ అనే ఇంకో రెండు సాఫ్ట్‌వేర్లలో ఇలాంటి పోలికకు ఫలితం ఖాళీగానే మిగులుతుంది. అయితే అక్కడ కూడా నిశ్చింతగా ఉండడానికి లేదు. ఆర్‌లో షరతులను వరుసగా రాసే కేస్ వెన్ ఆదేశం వాడి చివర ‘మిగిలినవన్నీ తక్కువ’ అని ఒక వరుస చేర్చినా, ఎస్‌పీఎస్‌ఎస్‌లో విలువలను మార్చే రీకోడ్ ఆదేశంలో ఎల్స్ (మిగిలినవన్నీ) అని రాసినా, ఆ ఖాళీలు కూడా అందులోకే చేరిపోతాయి. అంటే ఒకే సర్వే, ఒకే షరతు, రెండు సాఫ్ట్‌వేర్లలో రెండు కథలు చెప్పగలవు. ఎప్పుడైనా సరే, ఖాళీని ఏం చేయాలో షరతులోనే విడిగా చెప్పు. ‘మిగిలినవన్నీ’ అనే మాటను మాత్రం, ఆ మిగిలినవారు ఎవరో ఒక్కొక్కరినీ చూసి తెలుసుకున్నాకే వాడు.

ఇక్కడ కొంచెం ఆగి చెప్పవలసిన సంగతి ఉంది. మన డెల్టాలో దిగుబడి గడి ఖాళీగా ఉండడానికి గానీ సున్నాగా ఉండడానికి గానీ కారణాలు ఒకటి కాదు. ఒక రైతు నాట్లు వేశాడు, చేను మునిగి కుళ్లిపోయింది. అతని దిగుబడి నిజంగానే సున్నా, సగటులో ఆ సున్నా ఉండి తీరాలి. ఇంకొక రైతు కాలువ శివారు భూమికి నీరందదని తెలిసి దాళ్వా వేయనేలేదు. అతనికి దిగుబడి అన్న ప్రశ్నే వర్తించదు, అక్కడ సున్నా వేస్తే పండించినవారి సగటును అన్యాయంగా కిందికి లాగినట్టవుతుంది. మూడో రైతు పండించాడు, అమ్మాడు, కానీ ఎన్ని బస్తాలో చెప్పడానికి ఇష్టపడలేదు. ఈ ముగ్గురినీ ఒకే చుక్క కింద పెడితే వ్యాసంలో రాయదగిన విషయమే మాయమవుతుంది. 2011 సార్వాలో (ఖరీఫ్‌లో) కోనసీమ రైతులు పంట విరామం ప్రకటించారు. ఆ ఏటి సమాచారంలో సాగు చేయకపోవడమే పెద్ద వార్త. దాన్ని మిస్సింగ్‌గా, అంటే ఖాళీగా, తోసేసి దిగుబడి సగటు రాసేవారికి ఆ ఏడాది ఏమీ జరగనట్టే కనిపిస్తుంది. స్టాటాలో మామూలు చుక్కతోపాటు చుక్క ఏ నుంచి చుక్క జెడ్ దాకా మరో 26 రకాల ఖాళీలు ఉన్నాయి. సాగు చేయనివారికి ఒకటి, చెప్పనివారికి ఒకటి కేటాయించు. తెలియదన్నవారికి 99 అని వేయడం కొన్ని ప్రశ్నపత్రాల అలవాటు. ఆ 99ని ముందే ఖాళీగా మార్చకపోతే అది 99 బస్తాల దిగుబడిగా నీ పట్టికలో కూర్చుంటుంది.

షరతు పెట్టే ముందు కొలత ఒకటేనా అన్నది చూడు. నీ సర్వేలో కొందరు బస్తాల్లో, కొందరు క్వింటాళ్లలో చెప్పారు. 75 కిలోల బస్తాలు 40 అంటే 30 క్వింటాళ్లు. రెండూ ఒకే దిగుబడి అయినా నీ షరతు ఒకరిని గీతకు దగ్గరగా, ఇంకొకరిని చాలా కింద నిలబెట్టింది. కొలత చలరాశిని బట్టి ముందు అందరినీ కిలోల్లోకి మార్చి, ఆ తర్వాతే వర్గాలు చేయి. భూమి విషయంలో ఇంకో చిక్కు ఉంది. ‘ఎకరం 5 సెంట్లు’ అని రైతు చెప్పినదాన్ని 1.05 అని రాయవలసిన చోట 1.5 అని రాసే అవకాశం ఎప్పుడూ ఉంటుంది. దాన్ని పట్టుకునే షరతు ఏ సాఫ్ట్‌వేర్‌లోనూ లేదు. కాగితాల్ని తిరగేసి చూడవలసిందే.

గీత మీద నిలిచినవారి సంగతీ అంతే ముఖ్యం. వ్యవసాయ గణనలో ఒక హెక్టారు లోపు ఉన్నవారు సన్నకారు రైతులు, ఒకటి నుంచి రెండు హెక్టార్ల లోపు వారు చిన్నకారు రైతులు. హెక్టారు సుమారు 2.47 ఎకరాలు. మన ఊళ్లలో తరచూ వినిపించే రెండున్నర ఎకరాల కమతం ఈ లెక్కన సన్నకారు గీతను కొద్దిగా దాటుతుంది. గీతను 2.5 ఎకరాల దగ్గర గీసి, ‘లోపు’ అని రాయవలసిన చోట ‘వరకు’ అని రాస్తే ఆ రైతులందరూ వేరే వర్గంలోకి వెళ్తారు. ఆర్‌లో సంఖ్యలను వర్గాలుగా విడగొట్టే కట్ ఆదేశం నువ్వేమీ చెప్పకపోతే సరిగ్గా గీత మీద ఉన్న విలువను కింది వర్గంలో వేస్తుంది. వ్యవసాయ గణన నిర్వచనం అందుకు విరుద్ధం. ధాన్యం తేమ విషయంలో దీనికి తిరగబడిన ఉదాహరణ దొరుకుతుంది. ప్రభుత్వ ధాన్యం సేకరణ ప్రమాణం 17 శాతం వరకు అనుమతిస్తుంది గనుక అక్కడ సరిగ్గా 17 ఉన్న ధాన్యం లోపలే ఉండాలి.

జిల్లా చలరాశిని పేరును బట్టి కట్టకు. 2022 ఏప్రిల్ 4 నుంచి కొత్త జిల్లాలు వచ్చాయి. అమలాపురం అంతకుముందు సమాచారంలో తూర్పు గోదావరిలో, తర్వాత కోనసీమలో కనిపిస్తుంది. కొవ్వూరు మొదట పశ్చిమ గోదావరి, తర్వాత తూర్పు గోదావరి. ‘తూర్పు గోదావరి’ అన్న పేరు రెండు కాలాల్లోనూ ఉన్నా అది సూచించే నేల వేరు. ఏళ్ల మధ్య పోలిక చేయాలంటే మండలం పేరును ఆధారం చేసుకుని నీ సొంత ప్రాంత చలరాశిని తయారుచేసుకో.

వరుసక్రమం గురించి క్లుప్తంగా: కేస్ వెన్‌లో మొదట సరిపోయిన షరతే గెలుస్తుంది, స్టాటాలో వరుసగా రాసిన రిప్లేస్ (విలువ మార్చే) ఆదేశాల్లో చివరిది మిగులుతుంది. ‘మరియు’, ‘లేదా’ కలిసి వచ్చినప్పుడు ‘మరియు’ ముందుగా అమలవుతుంది, కాబట్టి కుండలీకరణాలు వాడు.

కౌలు రైతు అన్న చలరాశిని నువ్వు కట్టిన తీరు నన్ను ఎక్కువగా కలవరపెట్టింది. కౌలుదారుకు ప్రభుత్వం ఇచ్చే సాగుదారు హక్కుల కార్డు ఉంటే కౌలు రైతు, లేకుంటే సొంతదారు అని రాశావు. 2019 నాటి చట్టం ప్రకారం ఆ కార్డుకు భూయజమాని అంగీకారం కావాలి. అంగీకారం దొరకని కౌలుదారు నీ షరతులో సొంతదారు అయిపోయాడు. వ్యాసం ఎవరి పక్షాన మాట్లాడాలనుకుందో వారినే లెక్కలోంచి తీసేసింది. సర్వేలో సొంత భూమి ఎంత, కౌలుకు తీసుకున్నది ఎంత అన్న రెండు ప్రశ్నలు వేరుగా ఉన్నాయి కదా, వాటిని వాడు: కౌలు మాత్రమే, సొంతం మాత్రమే, రెండూ ఉన్నవారు అని మూడు వర్గాలు చేయి. అర ఎకరం సొంతం, మూడెకరాలు కౌలు ఉన్న మనిషిని ఎక్కడ పెట్టాలన్నది సాఫ్ట్‌వేర్ తేల్చదు అమ్మా, అది నీ నిర్ణయం. అందుకే ప్రతి షరతునూ ముందుగా పూర్తి తెలుగు వాక్యంగా కాగితం మీద రాయి. ఆ వాక్యాన్ని ఆ రైతు ముందు చదివితే అతను ఒప్పుకుంటాడా అని ఆలోచించి, తర్వాతే ఆదేశంగా మార్చు.

పాత చలరాశి మీద కొత్తదాన్ని రాయవద్దు, వేరే పేరు పెట్టు. కొత్త చలరాశి పుట్టిన వెంటనే పాతదానితో కలిపి ఖాళీలు కూడా కనిపించేలా అడ్డుపట్టిక (రెండు చలరాశుల విలువలను ఎదురెదురుగా లెక్కించే పట్టిక) తీయి. పట్టిక తీసే స్టాటా ట్యాబ్యులేట్ ఆదేశానికి మిస్సింగ్ అని విడిగా చెప్పకపోతే ఖాళీలను చూపించదు. ప్రతి వర్గంలో కనిష్ఠ, గరిష్ఠ విలువలు చూడు. అధిక దిగుబడి వర్గంలో కనిష్ఠం 3,000 కిలోల కన్నా తక్కువ వస్తే షరతు తప్పినట్టే.

సవరించిన పట్టికలతోపాటు ఆ తెలుగు వాక్యాలను కూడా నాకు పంపు. వ్యాసం అచ్చుకు వెళ్లేటప్పుడు పట్టిక కింద చిన్న అక్షరాల్లో వాటినే వేయిద్దాం: బస్తా అంటే ఎన్ని కిలోలుగా తీసుకున్నామో, సాగు చేయనివారు ఎందరో, చెప్పనివారు ఎందరో.

ఆశీస్సులతో,
మీ మాస్టారు